చర్చి కప్పులో మా వంతు

ఇల్లు కొనేముందు మేము చూడనిది లేదు. కుళాయిలు తిప్పాం, గోడలు తట్టాం, ఈశాన్యం ఎటుందో మా అత్తగారు ఎండలో నిలబడి రెండుసార్లు తేల్చుకున్నారు. వెనక సందులో ఉన్న తెలుగు చర్చి పైకప్పు మాత్రం చూడలేదు. ఎందుకు చూస్తాం? మేము హిందువులం. ఎవరి కప్పు వాళ్ళది అనుకున్నాం.

అంతకుముందు ఇరవై ఏళ్ళు రంగూన్‌లోనే, తాకేటా పేటలో అద్దె గదిలో ఉన్నాను. మూడు కుటుంబాలకు ఒకటే వంటిల్లు. నా పోపుల డబ్బాలో పక్కావిడ చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. రేవు దగ్గరి బోటాటౌంగ్‌లో, మా ఆయన పనిచేసే గోదాముకు నడిచి వెళ్ళే దూరంలో, రెండు గదుల పాత ఇల్లు అమ్మకానికి ఉందంటే చూడబోయి, తిన్నగా వంటింట్లోకే నడిచాను. కిటికీ ఉంది, గట్టు ఉంది, తలుపుకి లోపల గడియ ఉంది. ఆ గడియ చూశాక కాగితాలు చదివించాలన్న ఆలోచన నాకు రానేలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను.

గృహప్రవేశం నాడు పాలు బాగానే పొంగాయి. గడప దాటి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ అత్తగారు తాంబూలం పెడుతున్నారు. చివర్లో చర్చి పాస్టరు గారు వచ్చారు. మా పెద్దలలాగే ఆయన తాతలు కూడా ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళే. పాలు తాగి, గొంతు సవరించుకుని, అత్తగారితో అన్నారు.

"అమ్మా, పాత కాగితాల్లో ఒక మాట ఉన్నాది. ఈ ఇంట్లో ఎవులుంటే ఆలే మా చర్చి తూరుపు బాగం, అదే నాను నిలబడి వాక్యం సెప్పే కాడ, ఆ కప్పు బాగు సెయ్యాల. ఇప్పుడది మీ వంతు."

"అలాగే బాబూ, దేవుడి పనే గదా," అంటూ అత్తగారు ఆయన చేతిలో రెండు తమలపాకులు, వక్క, అరటిపండు పెట్టేశారు. పండక్కి చందా అడుగుతున్నారనుకున్నారట.

మర్నాడు మా ఆయన ఆ కప్పు చూసొచ్చాడు. రేకులు తుప్పు పట్టి జల్లెడలా ఉన్నాయి. ఒక వాసాన్ని చెదలు తినేశాయి. మంచినీళ్ళైనా తాగకుండా చౌక్తడా బస్సెక్కాడు. నేనూ ఎక్కాను.

అక్కడ కోర్టుల పక్కన ఒక పెద్దాయన, బర్మా లాయరు. మా ఆయన ఆయన్ని 'ఊలే' అంటాడు, మనం బాబాయ్ అన్నట్టు. ఆయన కాగితాలన్నీ చదివారు. దొరల కాలంలో చర్చివాళ్ళే మా ఇంటి స్థలం ఇచ్చి, బదులుగా ఈ షరతు పెట్టారట. స్థలం ఎన్ని చేతులు మారినా షరతు దాని వెంటే వస్తుందట. కోర్టుకెక్కితే నెగ్గినా నెగ్గుతారు, కానీ తీర్పు వచ్చేనాటికి చర్చి నిలబడి ఉంటుందని చెప్పలేను అన్నారు. ఇంకో దారి కూడా ఉంది. ఇల్లు అమ్మిన బర్మా ముసలావిడ మంచి మనిషి. జూన్ నెలాఖరులోపు తాళం తిరిగిస్తే సొమ్ము తిరిగిచ్చేస్తానని కబురు పంపింది. తను ఉన్నన్నాళ్ళూ ఆవిడని ఎవరూ అడగలేదట. పరాయి మనిషిని అడగడానికి పాస్టరు గారికి మొహమాటం. మేము రాగానే, మనవాళ్ళే కదా అని అడిగేశారు. మనవాళ్ళంటే అంతే మరి.

"సాక్షుల ముందు ఒప్పుకున్నారా?" అని లాయరు అడిగితే మా ఆయన తాంబూలం సంగతి చెప్పాడు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆకూ వక్కా చేతిలో పెడితే ఒప్పందమైతే, వీధి చివర కిళ్ళీ కొట్టువాడు రంగూన్ మొత్తానికి మాటిచ్చినట్టే అన్నారు.

ఆ మాట ఇంటికొచ్చి చెబితే అత్తగారికి నవ్వు రాలేదు.

"ఆ లాయరుకేటి తెలుసురా? నోటితో అన్నది కాదంటే కాదేమో. ఆకు సేతిలో ఎట్టీసినాక కాదంటే మనమేటి మనుసులం?"

"అయితే తాళం ఇచ్చీసి తాకేటా పోదాం," అన్నాడు మా ఆయన.

నేను వంటింట్లోకి వెళ్ళి గడియ వేసుకుని ఏడ్చాను. ఇరవై ఏళ్ళకి ఏడవడానికి నాకంటూ ఒక చోటు దొరికింది, అదీ పోతోంది. చివరికి మా ఆయన తలుపు దగ్గరకొచ్చి, "సరేలే, ఆ కప్పు ఏసి సూద్దాం. వానకి కారిందా, తాళం ఇచ్చీడమే," అన్నాడు.

గోదాములో సరుకు కొలిచే టేపు తెచ్చి, పాస్టరు గారి ఎదుటే చర్చి నేల మీద సుద్దతో గీత గీశాడు. "ఇక్కడికే మాది. అంగుళం ఇటు మాది కాదు," అన్నాడు. తోటి పనివాళ్ళు ఇద్దరితో కలిసి పైకెక్కి వాసం మార్చి, కొత్త రేకులు వేశాడు. అత్తగారు కింద గొడుగేసుకుని నిలబడి, "దేవుడి నెత్తి మీద అలా తొక్కకండర్రా," అని అరుస్తూ ఉండేవారు.

మొదటి పెద్దవాన ఆదివారమే పడింది. మన కప్పు ఎలా ఉందో చూడాలని అత్తగారు పట్టుబడితే ముగ్గురం చర్చికి వెళ్ళి వెనక కూర్చున్నాం. మా తూర్పు భాగంలో చుక్క పడలేదు. మిగతా చర్చి అంతా కారుతోంది. రెండో పాట అయ్యేసరికి జనం కుర్చీలు ఒక్కొక్కటే ముందుకు జరపడం మొదలుపెట్టారు. ప్రసంగం మధ్యకొచ్చేసరికి అందరూ, మాతో సహా, సుద్ద గీతకి అవతల ఉన్నారు. పాస్టరు గారు గోడకి అతుక్కుపోయి వాక్యం చెబుతున్నారు. ప్రార్థనలో అందరూ తల దించితే అత్తగారు ఒక్కరే తలెత్తి రేకులు చూసుకుంటూ మురిసిపోతున్నారు.

ఒక ముసలమ్మకి మాత్రం లోపల చోటు దొరకలేదు. ఆవిడ కుర్చీ సరిగ్గా గీతకి ఇవతల ఆగిపోయింది. భుజం మీద చుక్క తరవాత చుక్క పడుతోంది. తువ్వాలు తలమీదుగా కప్పుకుని పాడుతోంది. మా ఆయన చుక్కని చూశాడు, గీతని చూశాడు, మళ్ళీ చుక్కని చూశాడు.

"అది మనది కాదు," అన్నాను నెమ్మదిగా.

"నాకు తెలీదేటి?" అని కసిరి, లేచి తన కుర్చీ ఆవిడకిచ్చి, తను వానచుక్కల కింద నిలబడ్డాడు.

సోమవారం గోదాముకు సెలవు పెట్టి, మిగిలిన రేకులు పట్టుకుని మళ్ళీ చర్చి ఎక్కాడు. సుద్ద గీత దాటి, ముసలమ్మ కుర్చీ దాటి, నడిమి వరసదాకా పోయాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. జూన్ ఇంకా నాలుగు రోజులే ఉంది. మా భాగం కారకపోయినా, ఉంటామో పోతామో ఆయన ఇంకా తేల్చి చెప్పలేదు.

"మరి తాళం ఎప్పుడిచ్చీడం?" అని అడిగేశాను.

ఆయన నోట్లోని మేకులు చేతిలోకి తీసుకున్నాడు.

"ఏ తాళం? ఇంత కప్పు ఇక్కడేసి, తాకేటా పోయి ఎవుడి గదిలో తడుస్తామే? మాటలాపి నిచ్చెన పట్టుకో."