సీటులో వండిన జున్ను

డ్రైవింగ్ లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో మనిషికి ఒక రకం పిచ్చి పడుతుంది. రోడ్డుమీద కనిపించిన ప్రతివాడూ మనల్నే చూస్తున్నాడనిపిస్తుంది. నాకా పిచ్చి ఇరవై రెండో ఏట పట్టింది. అప్పట్లో నేను రాజాంలో మా మేనమామ బట్టల కొట్టులో ఉండేవాణ్ణి. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం దొరకలేదు, ఖాళీగా ఉంటే బుర్ర పాడవుతుందని మావయ్య పిలిచి కొట్టులో కూర్చోబెట్టాడు. చీర మడత విప్పడం వచ్చేది గాని మళ్ళీ అదే మడతలో పెట్టడం నాకు చివరిదాకా రాలేదు. ఆ ఏడాదే మావయ్య కారు కొన్నాడు. ఆయనకి స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికేవి, నాకు వణికేవి కావు. దాంతో మడతల సంగతి అందరూ మర్చిపోయారు, నేను కొట్టులో ముఖ్యమైన మనిషినైపోయాను. (ముఖ్యమైన మనిషినని నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకోండి, అది వేరే సంగతి.)

ఆ కారు సీట్లు లేత గోధుమరంగు గుడ్డవి. మా అత్తయ్య బట్టల కొట్టు ఇల్లాలు కాబట్టి మొదటి రోజునే సీటు గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, నేత బాగుందని ఒప్పుకుంది. షోరూం వాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు మూడు నెలలపాటు తీయనివ్వలేదు. ఎండకి మా వీపులు ఆ ప్లాస్టిక్‌కి అంటుకుపోయి, దిగేటప్పుడు చప్పుడుతో ఊడొచ్చేవి. చివరికి కార్తీకమాసం వచ్చిందని, తన అమ్మానాన్నల్ని సోమవారంనాడు శ్రీముఖలింగం తీసుకెళ్ళాలని, పెద్దవాళ్ళకి ఆ ప్లాస్టిక్ ఇబ్బందని అత్తయ్యే కవర్లు తీయించింది. తీసిన వారం తిరక్కుండానే నేను చెప్పబోయేది జరిగింది.

సంత రోజు మధ్యాహ్నం మావయ్య నన్ను శ్రీకాకుళం వెళ్ళి రెండు మూటల సరుకు తెమ్మన్నాడు. తిన్నగా వెళ్ళి తిన్నగా రమ్మన్నాడు. పొందూరు దగ్గర ఒక పల్లెలో మా అక్కని ఇచ్చారు. వాళ్ళ గేదె ఈనిందని, అమ్మకి జున్నుపాలు పంపుతానని పొద్దున్నే ఫోను చేసింది. అక్క అత్తవారి వీధిలోకి కారు వేసుకెళ్ళే అవకాశం ఎదురుగా కనిపిస్తుంటే తిన్నగా ఎలా వెళతాను? ఆ వీధిలో రెండుసార్లు హారన్ కొట్టాను. ఒకసారి కోడి అడ్డొచ్చిందని, రెండోసారి ఊరికే. అక్క స్టీలు క్యాన్ నిండా పాలిచ్చింది. క్యాన్ని వెనక సీటుమీద పెట్టాను. కింద పెట్టాలన్న తెలివి అప్పుడు లేదు. మెయిన్ రోడ్డు ఎక్కీ ఎక్కగానే మేకొకటి అడ్డం వచ్చింది, బ్రేకు తొక్కాను, క్యాన్ బోర్లాపడింది. దిగి చూసేసరికి మూత లేదు. పాలు సగం సీటు తాగేసింది. రుమాలుతో పైపైన తుడిచాను. తడి తప్ప మరకేమీ కనిపించలేదు. క్యాన్‌కి ప్లాస్టిక్ సంచీ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ముందు సీటు కింద పెట్టుకున్నాను. మూత ఎంత వెతికినా దొరకలేదు.

ఇంతలో వాన మొదలైంది. చిలకపాలెం దగ్గర ఒక మూసిన బడ్డీ చూరు కింద చేపల పెద్దమ్మ నిలబడి ఉంది. ఈవిడది సముద్రం ఒడ్డు ఊరు. ప్రతి సంతకీ ఎండు చేపలు పట్టుకుని రాజాం వచ్చేది. అమ్మకం అయ్యాక కాళ్ళూ చేతులూ కడుక్కుని మా కొట్టుకొచ్చి ఒక గంట కూర్చునేది. కొన్నా కొనకపోయినా చీరలన్నీ చూసేది. ఎక్కిన బస్సు దారిలో పాడైపోయి అక్కడ దింపేశారట. నేను కారాపి తలుపు తీశాను. ఇది దయ అని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను గాని, నిజం చెప్పాలంటే నేను కారు నడపడం చూసిన తెలిసినవాళ్ళు ఒకరు పెరుగుతారనే ఆపాను. ఆవిడ ఎక్కనంది.

"వద్దు బాబూ. నాను ఎక్కితే కారు కంపు కొడతాది. ఇంకో బస్సొస్తాది, ఎల్లిపోతాను."

నేను వినలేదు. ఆవిడ గంపలోంచి ప్లాస్టిక్ పట్టా తీసి, దులిపి, వెనక సీటుమీద పరుచుకుని, దానిమీద ఒక అంచున కూర్చుంది. ఖాళీ గంపని సీటుకి తగలనివ్వకుండా శ్రీకాకుళం బస్టాండు దాకా ఒళ్ళోనే పట్టుకుంది. దిగేటప్పుడు తన చెంగుతో తలుపు పిడి కూడా తుడిచింది.

రెండు రోజులకి కారు వాసన మొదలెట్టింది. మొదట పులిసిన వాసన, తర్వాత చెప్పలేని వాసన. శనివారం పొద్దున్న గుడికెళ్దామని తలుపు తీసిన అత్తయ్య ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది. కారులో ఎవర్నైనా ఎక్కించావా అని మావయ్య అడిగాడు. అక్క ఊరు వెళ్ళానని చెబితే కారు తాళం నా చేతిలోంచి పోతుంది. నా నోట్లోంచి ఎంతో వినయంగా ఒక నిజం వచ్చింది. వానలో చేపల పెద్దమ్మ నిలబడి ఉంటే పాపమని ఎక్కించాను మావయ్యా అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే అది అంత చెడ్డ అబద్ధం అయింది.  ముసలావిడని వానలో వదిలేస్తామా అని మావయ్య గొణిగాడు. అత్తయ్య మాత్రం, కార్తీకమాసంలో కారులో చేపల కంపు, అమ్మానాన్నల్ని ఇందులోనా గుడికి తీసుకెళ్ళేది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎల్లుండి సోమవారం ఎటూ కుదరదు, ఆ పై సోమవారంలోగా వాసన పోగొట్టే పని నా నెత్తిన పడింది.

ఇక నా వైద్యం చూడాలి. మొదటి రోజు సెంటు కొట్టాను. మల్లెపూల వాసనా పులిసిన వాసనా కలిసి, రెండూ విడివిడిగా ఉన్నప్పుడే నయం అనిపించింది. రెండో రోజు సాంబ్రాణి వేసి అద్దాలు మూసేశాను. పొగ బయటికి రావడం చూసి ఎదురు కిరాణా కొట్టాయన నీళ్ళ బిందెతో పరిగెత్తుకొచ్చాడు. ఆ తర్వాత కలరా ఉండలు, నిమ్మ చెక్కలు, కాఫీ పొడి. చివరికి ఇలా లాభం లేదని రెండు బిందెల నీళ్ళు సలసల కాచి, సర్ఫు కలిపి, సీటుమీద కుమ్మరించాను. జున్నుపాలు వేడి తగిలితే గడ్డ కడతాయని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని అప్పటికి నా అబద్ధాన్ని అందరికన్నా ముందు నేనే నమ్మేశాను. సీటులో ఉన్నది చేపల వాసనే అనుకుని మరిగే నీళ్ళు పోశాను. అంటే, బంధువులారా, మావయ్య కొత్త కారు వెనక సీటులో నేను జున్ను వండాను. చక్కెర, మిరియాలు తప్ప అన్నీ పడ్డాయి.

మళ్ళీ సంత రోజు వచ్చింది. పెద్దమ్మ ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కుని కొట్టు మెట్టెక్కుతుంటే, ఐదు రోజులుగా అన్నం సయించని అత్తయ్య ఆపుకోలేకపోయింది. నువ్వు ఎక్కినందుకు కారు పనికిరాకుండా పోయింది, ముసలాళ్ళ ముఖలింగం ప్రయాణం ఆగిపోయేలా ఉంది అని అనేసింది. అరవలేదు, ఏడుపు గొంతుతోనే అంది. నేను ఒక గుడ్డ తానుని, చుట్టి ఉన్నదాన్నే విప్పి మళ్ళీ చుడుతూ తల దించుకున్నాను. పెద్దమ్మ ఎక్కిన మెట్టు దిగింది. కారెక్కడుందో చూపించమంది, ఒక బాల్చీ అడిగింది.

కారు కొట్టు పక్క సందులో ఉంది. అత్తయ్య కాస్త దూరంలో అరుగుమీద నిలబడింది. పెద్దమ్మ తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చింది. వాసనలతోనే బతికే మనిషి, రెండోసారి పీల్చవలసిన అవసరం రాలేదు. సీటు ఊడొస్తుందా అని అడిగింది. ఇద్దరం కలిసి కుదిపి పైకి లేపాం. కింద పచ్చటి తరకలు, ముద్దలు. వాటి మధ్యలో క్యాన్ మూత. మా ఇళ్ళల్లో ఆడపిల్లకిచ్చిన ప్రతి గిన్నెమీదా పేరు చెక్కిస్తారు. ఆ మూతమీద మా అక్క పేరు, ఇంటిపేరుతో సహా, తళతళా మెరుస్తోంది. పెద్దమ్మకి చదువు రాదు. కాని ముందు మూతవంక చూసింది, తర్వాత నా ముఖంవంక చూసింది. ఆవిడకి చదవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఏం దొరికిందని అత్తయ్య అరుగుమీంచి అడిగింది. పెద్దమ్మ మూతమీద తడిగుడ్డ వేసింది.

"ఏటీ నేదమ్మా. నా కంపే. కడిగెత్తాను, సోమవారానికి ఎల్దురు గాని."

తర్వాత గంటన్నర ఆ మనిషి వంచిన నడుం ఎత్తలేదు. కొబ్బరిచిప్పతో ముద్దలు గీకింది. చన్నీళ్ళు పోయడం, గుడ్డతో అదిమి పిండడం, మళ్ళీ పోయడం. నేను వేడినీళ్ళు తేనా అని అడిగితే తల అడ్డంగా ఊపి, నాకొక్కడికే వినిపించేలా, "పాలకి వేడినీళ్ళేటి బాబూ, సన్నీళ్ళు పొయ్యాల," అంది. చేపల గంపలైతే చింతపండు, బూడిదా రాస్తారట, గుడ్డకి అవి పనికిరావట. తడి పిండేశాక మా వంటింట్లోంచి వంటసోడా తెప్పించి సీటంతా మందంగా చల్లింది. రాత్రంతా అలా వదిలేసి, మర్నాడు దులిపి, మూడు రోజులు తలుపులు తెరిచి ఎండ తగలనివ్వమంది. వెళ్ళేముందు తడిగుడ్డలో చుట్టిన మూత నా చేతిలో పెట్టింది. ఏల చెప్పలేదని అడగలేదు. "వానలో నన్ను సూసి ఆగినావు," అని మాత్రం అంది. అంతకన్నా నాలుగు తిట్టి ఉంటే నాకు ఆ రాత్రి అన్నం సయించేది.

సోమవారంనాడు ముఖలింగం వెళ్ళొచ్చాం. కారులో ఏ వాసనా లేదు. వంశధార ఒడ్డున ముసలాయన చల్లగాలికి హాయిగా కునుకు తీశాడు. పాడు చేసినావిడే బాగు చేసిందని అత్తయ్య దారి పొడుగునా తల్లికి చెప్పింది. నేను గేర్లు మారుస్తూ కూర్చున్నాను.

ఆ పై సంతకి పెద్దమ్మ వచ్చింది గాని మెట్టెక్కలేదు. వీధిలోనే నిలబడి, కోడలికి చీర కావాలి, రెండు మూడు పట్టుకొచ్చి చూపించమంది. లోపలికి రమ్మన్నాను. "ఇక్కణ్ణించే సూత్తాను బాబూ, అమ్మగారికి ఇబ్బంది," అంది. పన్నెండేళ్ళుగా ఆ కొట్టు పరుపుమీద కూర్చుని చీరలు చూసిన మనిషి. చేతిలో చీర పట్టుకుని నేను గుమ్మంలోంచి వెనక్కి తిరిగాను. 

"మావయ్యా, ఆ కంపు పెద్దమ్మది కాదు, నాది," అన్నాను. "అక్కోళ్ళ ఊరెళ్ళి జున్నుపాలు తెచ్చాను. సీటులో ఒలకబోశాను."

కొట్టులో ఇద్దరు బేరగాళ్ళున్నారు, వాళ్ళు కూడా విన్నారు. మావయ్య చేతిలో మీటరు బద్ద అలాగే ఉండిపోయింది. అత్తయ్య ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత ఏదోలా అయిపోయింది. లేచి, నావంక చూడకుండానే నన్ను దాటి, మెట్లు దిగింది. కార్తీకమాసంలో తల స్నానం చేసిన మనిషి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి పరుపుమీద కూర్చోబెట్టింది. క్షమాపణ మాటలేవీ అనలేదు. తనే బీరువాలు తీసి, కిందికి దించని చీరలు కూడా దించి, ఒక్కొక్కటీ విప్పి ఒళ్ళో వేసింది. పెద్దమ్మ మాత్రం నామీదే విసుక్కుంది. "నాను దాసినాను గదా, నువ్వేల బయటెట్టుకున్నావు?" అంది. మావయ్య చెయ్యి చాపాడు. తాళం ఇచ్చేశాను. నెల రోజులపాటు సరుకుకి బస్సులో వెళ్ళాను.

ఇప్పుడు ఆ కొట్టు నేనే చూసుకుంటున్నాను. ఈ కథ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎన్నిసార్లు చెప్పానో. సీటులో జున్ను వండేదాకా చెప్పి ఆపేస్తాను, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మొన్న దుప్పట్లు మడతపెడుతూ మా ఆవిడ, ఆ తర్వాత ఏమైందని అడిగింది. అడిగినందుకు మొదటిసారి అంతా చెప్పాను. నా ధైర్యాన్ని మెచ్చుకుంటుందేమోనని కాస్త ఆగాను కూడా.

"మరి ఆవిడికి తప్పయిపోయిందని సెప్పినారా?" అంది.

ఆలోచించాను. మావయ్యకి చెప్పాను. అత్తయ్యకి చెప్పాను. అక్కకి ఫోనులో చెప్పి తిట్లు తిన్నాను. బేరానికొచ్చిన ఇద్దరు పరాయివాళ్ళకి కూడా వినిపించాను. పెద్దమ్మకి మాత్రం, ఆ నీలం చీర బాగుంటుంది, తీసుకో అన్నాను. అంతే. మోకాళ్ళు నొప్పులని ఆవిడ సంతకి రావడం మానేసి నాలుగేళ్ళయింది, కోడలు వస్తోంది. ఇంత వయసొచ్చి, ఇన్ని వందలమందితో బేరాలాడి, చిన్న మాట ఒకటి అవతలివాళ్ళకి ముట్టిందో లేదో చూసుకోని నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. వచ్చే సంతకి కోడలిని వాళ్ళ ఇల్లెక్కడో గుర్తులు అడగాలి.