పెద్దల వరుసలో నేను

అమెరికాలోని ట్రాయ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం మా ఇంటి బేస్‌మెంట్‌లో మొదలైంది. వార్షికోత్సవానికి వేసిన సావనీర్‌లో మాత్రం వ్యవస్థాపకుడిగా మావారి ఫొటో ఉంది. ఆయన ఆదివారాలు ప్లాంట్‌లో డ్యూటీ చేసేవారు. కుర్చీలు వేసి, పాట ఎత్తుకుని, వాక్యం చదివి, ప్రార్థన నడిపింది నేను. ల్యాబ్‌లో రీడింగులు రాసే అలవాటు కొద్దీ ఆ తొలి ఆదివారాలన్నీ డైరీల్లోకి ఎక్కించాను: ఎవరొచ్చారు, ఏ భాగం చదివాం, ఎవరి బిడ్డ కోసం ప్రార్థించాం. మావారి పేరు నాలుగుసార్లు కనిపిస్తుంది. అందులో రెండుసార్లు ఆలస్యంగా వచ్చారు.

ఈ ఏడాది సంఘ పెద్దల ఎన్నికకు నా పేరు నేనే రాసిచ్చాను. కార్యదర్శి ఫోన్ చేశాడు. నా కొడుకు వయసువాడు.

"ఆంటీ, లేడీస్ ఫెలోషిప్‌కి మీరే ప్రెసిడెంట్ కదా. మళ్లీ ఇదెందుకు?"

"సమోసాలు ఎన్ని ఆర్డర్ చేయాలో తేల్చడానికా బాబూ ప్రెసిడెంట్?"

"అది కాదాంటీ. ఎల్డర్స్ అంటే మొదట్నుంచీ జెంట్సే కదా. ట్రెడిషన్ బ్రేక్ చేస్తే బాగోదు."

"ఏ మొదలు? అపొస్తలుల కాలంలో ఆడవాళ్ల ఇళ్లలో సంఘాలు కూడేవి. రోమావాళ్లకు రాసిన అంత పెద్ద పత్రిక చివర, పేరుపేరునా చెబుతూ అపొస్తలుడు మొదట పరిచయం చేసింది ఒక పరిచారకురాలిని. ఆమెకు ఏం కావాలన్నా సాయం చేయమన్నాడు. వంటగదిలో కూర్చోబెట్టమనలేదు."

"కమిటీలో అడుగుతా ఆంటీ."

కమిటీ నా కాగితం పక్కన పెట్టింది. సంఘం ఇంకా సిద్ధంగా లేదట. ఎవరు సిద్ధంగా లేరో పేర్లు చెప్పమన్నాను. 

మరుసటి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. పంచడానికి పెద్దలు ముందుకు రావాలని పాస్టర్‌గారు పిలిచారు. నలుగురు మగవాళ్లు లేచారు. ఐదో ఆయన ఊళ్లో లేడు. కొంగు తలమీదికి లాక్కుని వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను. పాస్టర్‌గారు కమిటీ వైపు చూశారు. కమిటీ నేల వైపు చూసింది. ద్రాక్షరసం కప్పులున్న ట్రే ఒకటి మిగిలి ఉంటే చేతిలోకి తీసుకున్నాను.

మొదటి వరుసలోనే కార్యదర్శి.

"ఆంటీ, ప్లీజ్," అన్నాడు గొంతు తగ్గించి.

"కప్పు తీసుకో బాబూ. వెనక చాలామంది ఉన్నారు."

పక్కనున్న భార్య అతన్ని దాటి చెయ్యి చాపి తన కప్పు తీసుకుంది. నేను కదలలేదు. చివరికి అతనూ తీసుకున్నాడు.

కమిటీ ఇప్పటికీ నా పేరు పెద్దల జాబితాలో రాసుకోలేదు. నేను నెలనెలా వెళ్లి నిలబడుతూనే ఉన్నాను.