నిండు, నిన్నటి నుంచే

మా తానియె స్టేషన్లో గడియారం పక్కన గోడకి ఒక మేకు ఉంది. ఏడాది పొడుగునా దానికి స్టేషన్ మాస్టరు కుసునోకి తన టోపీ తగిలించుకుంటాడు. నవంబరు ఒకటో తారీఖు పొద్దున మాత్రం ఎవరూ చెప్పకుండానే టోపీ దిగిపోతుంది. ఆ మేకుకి హిసానో గారి చెక్కబిళ్ల ఎక్కుతుంది.

బిళ్లలు మొత్తం ఆరు. దేవదారు చెక్క, అరచెయ్యంత. ఒక్కోదాని మీద ఆవిడే కుంచెతో సిరా పెట్టి రాసింది. ఇంకా పచ్చ. అంచులకు రంగు. సగం. నిండు. రాలుతోంది. నేలంతా ఎరుపు. కొండ మీద కన్నోన్ అమ్మవారి గుడి వెనక, ఏటా ఆకులు ఎర్రబడే ముసలి మొమిజి చెట్టు ఆ రోజు ఎలా ఉందో అదే బిళ్ల. వెలుగు రాగానే ఆవిడ రెండు వందల పన్నెండు మెట్లు ఎక్కి, చెట్టు చూసి, దిగివచ్చి, ఏడూ పది బండి వచ్చేలోపల బిళ్ల తగిలించేది. ముప్ఫై మూడేళ్లు ఒక్క పొద్దు తప్పలేదు.

శరదృతువులో ఇలా ఎర్రబడిన ఆకుల్ని వెతుక్కుంటూ పోవడాన్ని మా వాళ్లు 'ఆకుల వేట' అంటారు. వేటే గానీ ఇంటికి ఏమీ తెచ్చుకోరు. పెట్టెలో అన్నం కట్టుకుని పోతారు, చెట్టు కింద కూర్చుంటారు, తింటారు, తలెత్తి చూస్తారు, వచ్చేస్తారు. అయితే వేటకి రోజు కుదరాలి. నిండు అనేది నాలుగు రోజులు. గాలి తిరిగితే రెండు. చుట్టుపక్కల ఊళ్లలో వ్యాపారం కోసం పక్షం రోజులు 'నిండు' అనే బోర్డు కదలదు. మా ఊళ్లో అలా కాదు. అందుకే క్యోటో నుంచీ ఒసాకా నుంచీ జనం స్టేషన్‌కి ఫోన్ చేసి, "ఇవాళ మామ్మగారు ఏం తగిలించారండీ?" అని అడిగేవాళ్లు. నిండు అంటే బయల్దేరేవాళ్లు, లేదంటే లేదు.

హిసానో గారు ఈ ఊరి పిల్ల కాదు. క్యోటోలో రంగులద్దే ఇంట్లో పుట్టింది. మంజిష్ఠ వేరు, కుసుమ పూలు, ఆ తొట్ల మధ్య పెరిగింది. రాత్రి భోజనాలయ్యాక వాళ్ల నాన్న పట్టుదారాలు వరసగా పేర్చి, "ఇది ఎన్నో ముంచు?" అని పిల్లల్ని అడిగేవాడట. కుసుమ ఎరుపు ఒక్కసారి ముంచితే రాదు. ఒకటో ముంచుకి లేత గులాబి రంగు, తొమ్మిదో ముంచుకి నిప్పు. తప్పు చెప్పిన వాళ్లు తొట్లు కడగాలి. "నేను ఒక్క తొట్టీ కడగలేదు మాస్టారూ," అనేది నాతో. ఆవిడ గొప్ప చెప్పుకునేది అదొక్కటే.

మా ఊరి కోడలై వచ్చాక స్టేషన్ ఊడ్చే పనిలో కుదిరింది. అప్పటి స్టేషన్ మాస్టరు ఒక ఏడు తొందరపడి నిండు అని రాసిపెడితే, చీపురు ఆపి, "ఇంకా రెండ్రోజులుందండీ" అంది. సరిగ్గా రెండ్రోజులే పట్టింది. మర్నాటి నుంచి ఆ పని ఆవిడదే అయింది.

నేను బళ్లో పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. మా ఇంటికంటే స్టేషన్ గదిలో పొయ్యి వెచ్చగా ఉంటుందని పొద్దున్నే పుస్తకం పట్టుకుని అక్కడికి చేరతాను. అందుకే ఈ సంగతంతా నా కళ్లముందే జరిగింది.

ఆ ఏడు నవంబరు మొదట్లోనే మసుయో మూతి ముడుచుకుంది. మసుయోది మెట్ల మొదట్లో కొట్టు. ఏడాదిపాటు ఉప్పులో ఊరేసిన మొమిజి ఆకుల్ని తీపి పిండిలో ముంచి, నువ్వులు చల్లి, నూనెలో వేయిస్తుంది. ఆ ఏడు వేట రోజులకని కొత్త ఏప్రను కుట్టించుకుంది, మిరపపండు ఎరుపుది. హిసానో గారు చూసి, "బాగుందే మసుయో, ఈ మట్టిరంగు నీకు నప్పింది" అంది.

"చూశారా మాస్టారూ ఎంత వెటకారమో! నేను ముసలిదాన్నయ్యానని ఆవిడ మనసులో మాట," అని మసుయో నా దగ్గర గింజుకుంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అప్పుడే ఆలోచించవలసింది.

పదిహేనో తారీఖున 'సగం' ఎక్కింది. పద్దెనిమిది, సగం. ఇరవై, సగం. ఇరవై ఒకటో తారీఖు పొద్దున కూడా ఆవిడ మెట్లు దిగివచ్చి, ఉన్న బిళ్లనే సరిచేసి, "మొండిచెట్టు, ఈసారి ఎంతకీ ఎర్రబడదు" అనుకుంటూ ఇంటికి పోయింది. నాకెందుకో మనసు ఊరుకోక మధ్యాహ్నం నేనే మెట్లెక్కాను.

చెట్టు మండిపోతోంది. గుడి గోడ మీది సున్నం కూడా ఆ వెలుగుకి ఎర్రగా కనబడుతోంది. చెట్టు కింద చూసేవాడు లేడు, నేను తప్ప.

దిగివచ్చేసరికి కుసునోకి ఫోన్లో ఉన్నాడు. "ఆ... బిళ్ల మీదైతే సగం అనే ఉందండీ... ఆ, రేపు చెప్తానండీ..." అని పెట్టేసి, నుదురు తుడుచుకున్నాడు.

"ఒరియె గారు," అన్నాడు. "మూడోసారి చెయ్యడం. ఆవిడకి ఇరవై నాలుగున తుంటి ఎముకకి ఆపరేషనట. ఈ లోపల నిండుతుందా, లేక ఈ ఏటికి ఇంతేనా అని అడుగుతోంది."

ఒరియె గారు హిసానో గారి చిన్ననాటి నేస్తం. అదే రంగుల ఇంట్లో పనివాడి కూతురు. నిండు బిళ్ల ఎక్కిన రోజున, ఏ రోజైనా సరే, ఇద్దరికి సరిపడా అన్నం కట్టుకుని ఒసాకా నుంచి వచ్చేది. ఒక్క ఏడు మానలేదు. బిళ్ల ఎక్కకపోతే రాదు. హిసా మాటకంటే ముందు పోవడం మర్యాద కాదని ఆవిడ లెక్క.

"పైన చెట్టు నిండుగా ఉంది," అన్నాను.

"నాకు తెలుసు మాస్టారూ. పొద్దున బండి పోయాక చూసొచ్చాను."

"నేనూ చూశాను," అంది మసుయో, వేయించిన ఆకుల పొట్లం పొయ్యి పక్కన పెడుతూ. "ఊరందరికీ తెలుసు. ఆవిడకే తెలీదు. నా ఏప్రను మట్టిరంగు అన్నప్పుడే అనుకోవలసింది, కళ్లకి ఏదో అయింది. పాపం, నేను తిట్టుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా?"

"నేనా? మీరు చెప్పండి. పంతులుగారు కదా."

"కుసునోకీ, స్టేషన్ నీది."

"మేకు నాది మాస్టారూ, బిళ్ల ఆవిడది," అన్నాడు కుసునోకి.

మా వాళ్లతో ఇదే చిక్కు. ఎదుటివాళ్ల మర్యాద పోతుందంటే నిప్పంటుకున్నా ముందు దగ్గుతాం. ముగ్గురం ఆ పొట్లం ఖాళీ చేశాం గానీ ఎవరం చెప్తామో తేల్చుకోలేదు. నేను పుస్తకం తెరిచి ఒకే పేజీ చాలాసేపు చూశాను.

మర్నాడు తెల్లవారుతూనే మెట్ల మొదట్లో నిలబడ్డాను. హిసానో గారు చేతికర్రతో వచ్చి నన్ను చూసి, "ఏమిటి మాస్టారూ, పొయ్యి చల్లారిందా?" అంది.

"ఇవాళ మీతో వద్దామని."

"రండి. మధ్యలో ఆయాసం వస్తే మాత్రం నేను మొయ్యలేను."

నూట ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఆగింది నేనే. ఆవిడ పైనుంచి నవ్వుతూ చూసింది.

గుడి వెనక్కి పోయాం. చెట్టు నిన్నటికంటే ఇంకా నిండింది. ఆవిడ కళ్లు చికిలించి కింది నుంచి పైదాకా చూసి పెదవి విరిచింది. "ఇంకా అదే. కాచి కాచి మరిగిన టీ రంగు. ఇంకో మూడు రోజులు పడుతుందేమో."

నేను చెబుదామని నోరు తెరిచాను. దగ్గొచ్చింది.

 ఆవిడ వంగి, నాచు మీద నుంచి ఒక ఆకు తీసింది. చంటిపిల్లవాడి చెయ్యిలా ఐదు వేళ్లు విచ్చుకున్న ఆకు. దాన్ని నా ముందుకు చాపింది.

"ఇది ఏ రంగు మాస్టారూ?"

ఆకు అందుకుని అటూ ఇటూ తిప్పాను.

"మీరు ఇంతసేపు ఆలోచించే ప్రశ్న కాదిది," అంది. గొంతు మెల్లగా ఉంది. "చెప్పండి. మసుయో నిన్నటి నుంచీ అక్కా అక్కా అంటూ నా చుట్టూ తిరుగుతోంది. కుసునోకి నా మొహం చూడకుండా గడియారంతో మాట్లాడుతున్నాడు. నాకూ అనుమానంగానే ఉంది."

"ఎరుపు," అన్నాను.

"ఏ ఎరుపు?"

"ఎరుపంటే... బాగా ఎరుపు."

"నలభై ఏళ్లు పాఠం చెప్పారు, మీ దగ్గర ఉన్న ఎరుపు ఒక్కటేనా?"

"దానిమ్మ గింజ అనుకోండి. కాదు... పాత లక్క గిన్నె ఉంటుంది చూడండి, దాని లోపల..."

"కడిగిన గిన్నా, కడగనిదా?"

"హిసానో గారూ, చెట్టు నిండింది. నిన్ననే నిండింది. నేను కళ్లారా చూశాను. చూసి కూడా చెప్పలేదు."

 ఆవిడ కింది కొమ్మ దగ్గరికి పోయి, వేలితో అలా తాకింది. మూడు ఆకులు ఊడి చేతిలో పడ్డాయి. ఇంకో కొమ్మని తాకింది. రెండు. చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూసింది.

"నిజమే. పచ్చి ఆకయితే కాడ వదలదు," అంది. "కంటిని నమ్ముకుని వేలిని అడగడం మానేశాను. ఒక రోజు పాడుచేశాను మాస్టారూ. చెట్టుకున్నవే నాలుగు."

మెట్లు దిగేటప్పుడు ఆవిడ నాకంటే ముందు పోయింది. ఏడూ పది బండి కూత అప్పటికే వినబడింది. స్టేషన్ గదిలోకి వచ్చి 'సగం' తీసి 'నిండు' తగిలించింది. కుసునోకి ఊపిరి వదిలాడు. అంతటితో ఊరుకోవచ్చు. కానీ ఆవిడ కుసునోకి బల్ల మీది కుంచె తీసుకుని, ఒక కాగితం ముక్క మీద రాసి, బిళ్ల కింద అంటించింది.

'నిన్నటి నుంచే. ఆలస్యం నా కళ్లది.'

"మామ్మగారూ, అదెందుకండీ, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు కుసునోకి కంగారుగా.

"చూడ్డానికే గదయ్యా ఈ బిళ్ల! ఉన్న సంగతి రాయకపోతే నీ టోపీయే నయం. ఆ ఫోన్ ఇటివ్వు."

ఫోన్లో అవతలి మాట మాకు వినబడలేదు. ఇవతలి మాట వినబడింది. "ఒసే ఒరియె, అన్నం వండావా? వండకపోతే మానెయ్, బయల్దేరు... నిన్ననే. ఔను, నిన్ననే... వచ్చాక తిట్టు."

ఒరియె గారు మధ్యాహ్నం బండిలో దిగింది. వీపున మూట, రెండు చేతులా కర్రలు. మెట్లు ఎక్కలేని మనిషి కాబట్టి కుసునోకి ఇద్దర్నీ తన చిన్న ట్రక్కులో అడవిదారిన గుడి దాకా దింపాడు. చాప పరవడానికి నేనూ, వేడి ఆకులు ఇవ్వడానికి మసుయో వెళ్లాం. మసుయో ఆ ఎర్ర ఏప్రను విప్పేసి వచ్చింది. 

ఒరియె గారు చెట్టు చూసి కర్రల మీద నిలబడిపోయింది. "ఒసే హిసా, దీన్ని పట్టుకుని సగమన్నావా? మొహం చూడు!"

"నాకు కనబడదే," అంది హిసానో గారు. "పోయిన చలికాలం నుంచీ అన్నీ టీ రంగే. నీ మొహం కూడా."

ఒరియె గారు చాప మీద మెల్లగా కూర్చుంది. మూట విప్పింది. చెస్ట్‌నట్ ముక్కలు వేసిన అన్నం, ఉప్పులో ఊరిన ఉమె కాయలు. ఒక కాయ తీసి నేస్తం అన్నం మీద పెట్టి అప్పుడు అంది. "నాకు తుంటి, నీకు కన్ను. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి అవుతుంది. అదీ కుంటిదే."

"అయినా ఎంత ఎరుపో చెప్పవే. మాస్టారుని అడిగితే గిన్నెలు కడుగుతున్నారు."

ఒరియె గారు తలెత్తి చాలాసేపు చూసింది. తినడం కూడా ఆపింది.

"ఎనిమిదో ముంచు," అంది. "మీ నాన్న తొట్టిలోంచి తీసి, ఇంకా నీళ్లోడుతుంటే వెలుగులో పట్టుకునేవాడు చూడు, అది. తూర్పు కొమ్మ మాత్రం తొమ్మిది."

హిసానో గారు కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆవిడ మొహం విచ్చుకుంది. "తొమ్మిదే," అంది. "మధ్యాహ్నం ఎండ పడితే ఆ కొమ్మ ఎప్పుడూ తొమ్మిదే." మూసిన కళ్లతోనే తల తిప్పి చెట్టంతా చూసింది. అలాగే అన్నం తింది. ఇద్దరూ మసుయో ఆకులు చివరి దాకా కరకరలాడించారు. మధ్యలో హిసానో గారు మసుయో భుజం తట్టి, "నీ ఏప్రను ఎన్నో ముంచో ఒరియెని అడగవే," అంది. మసుయో పరుగున ట్రక్కు దాకా పోయి కట్టుకొచ్చింది.

"మిల్లు గుడ్డ. దీనికి ముంచు లేదు," అంది ఒరియె గారు.

"మట్టిరంగన్నా నయం," అంది మసుయో, నవ్వుతూ.

మర్నాడు సెలవు. రెండు బండ్లు నిండా జనం దిగారు. బిళ్ల కింద కాగితం చదివి, కొందరు దానికీ తలవంచి నమస్కారం చేసి మెట్లెక్కారు.

ఇరవై ఆరో తారీఖున నేను మళ్లీ ఆవిడతో కలిసి ఎక్కాను. ఒరియె గారి ఆపరేషన్ బాగానే జరిగిందని కబురు వచ్చింది. హిసానో గారి కళ్లకి కూడా జనవరిలో రోజు పెట్టారు. రాత్రి గాలి వీచింది. చెట్టు కింద అడుగుపెట్టే చోటు లేదు. ఆవిడ కొమ్మని తాకింది, ఒకే ఆకు పడింది. తరవాత నా వైపు తిరిగింది.

"చెప్పండి మాస్టారూ. నేల ఏ రంగు?"

దారి పొడుగునా ఆలోచించుకునే వచ్చాను. "ఎనిమిదో ముంచు," అన్నాను. "ఆరేసి, మడత పెట్టాక."

ఆవిడ చేతికర్రతో ఆకుల్ని కొంచెం కదిపి ఆలోచించింది.

"పాసయ్యారు," అంది. దిగివెళ్లి మేకుకి ఆఖరి బిళ్ల తగిలించింది.