నోరు తెరవని ఊరు

ఆ రోజు సముద్రం నెమ్మదిగానే ఉంది, గాలీ అనుకూలంగానే వీస్తోంది. అయినా అల్లూరు దిగువనున్న ఆ పల్లెలో ఒక్క పడవా కదల్లేదు. ముందురోజు సాయంత్రమే దురాయి పడింది. దురాయి అంటే ఊరి పెద్దలు చాటింపు వేయించే కట్టడి. అది పడ్డాక మీరినవాడు తప్పు, అంటే జరిమానా, కట్టాలి. చావుకో, తగాదా తీర్చడానికో వేసే దురాయిని ఈసారి పళ్ల కోసం వేశారు. రొయ్యల మేత అమ్ముకునే కంపెనీ ఒకటి ఉచిత దంత శిబిరం పెడుతోంది. కుర్చీలు నిండకపోతే వచ్చే పెద్దమనుషులు చిన్నబుచ్చుకుంటారట! అందుకని ఊరంతా వేట మానుకుని నోళ్లు తెరుచుకు కూర్చోవాలి.

పిచ్చమ్మకు ఒళ్లు మండింది. మొగుడు పోయినప్పటినుంచీ ఆమె చిరిగిన వలలు బాగుచేసి బతుకుతోంది. ఒక చేత్తో వల పట్టి, రెండో చేత్తో ముడి వేసి, నైలాన్ దారాన్ని కింది ముందుపళ్లతో బిగించి పుటుక్కున కొరుకుతుంది. ఆ నాలుగు పళ్లూ ఆమెకు మూడో చెయ్యి. కొంతకాలంగా వాటి చిగుళ్లు జారిపోతున్నాయి. పళ్లు పొడుగ్గా బయటపడి, చన్నీళ్లు తగిలితే జివ్వుమంటున్నాయి. దారం లాగితే కదులుతున్నాయి. ఎవరినడిగినా ఒకటే మాట: వయసు. ఆమెకు యాభై కూడా నిండలేదు. పేదవాళ్ల రోగాలకు వైద్యం వెతకడం కంటే వయసని పేరు పెట్టేయడం సులువు.

షామియానా కింద ముందు పెద్దమనుషులు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. సేవ గురించి ఉపన్యాసాలయ్యాయి. నలుగురికీ ధైర్యం చెప్పడానికని ఊరి పెద్ద మునెయ్య మొదట కూర్చుని రెండు పళ్లు పీకించుకున్నాడు. చప్పట్లు కొట్టారు. పన్ను ఊడినవాళ్లందరికీ ఒక పేస్టు, ఒక బ్రష్షు ఇచ్చారు. దేన్ని తోముకోమనో ఎవరూ చెప్పలేదు.

పిచ్చమ్మ వంతు వచ్చింది. డాక్టరు టార్చి వేసి చూశాడు.

"ఈ నాలుగూ తీసేయాలమ్మా."

"తీయకుండా నిలబెట్టే దారి లేదా సార్?"

"ఇది క్యాంపమ్మా. ఇక్కడ పీకడమే. వెనకాల లైనుంది చూడు."

బల్ల మీద పట్టకార్లు, సూదులు, దూది తప్ప మరేమీ లేవు. పిచ్చమ్మ నోరు మూసుకుని లేచి నిలబడింది.

మునెయ్య దవడలో దూదితోనే గదిమాడు. "ఏమ్మే, వచ్చినోళ్ల ముందర ఊరి మర్యాద తీస్తుండావే! ఫ్రీగా చేస్తావుంటే నీకేంది నొప్పి?"

"ఫ్రీ అంటే కాళ్లు గూడా నరికించుకుంటావా మామా?"

"గమ్మునుండు! తప్పు కట్టాల్సొస్తాది."

"కడతాలే. ఈ పళ్లతోనే సంపాయించి కడతా."

మర్నాడే ఆమె నెల్లూరు బస్సెక్కింది. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మిషనుతో పళ్ల మీద పేరుకున్న గారంతా గీకింది. పిచ్చమ్మ అద్దంలో చూసుకుంది. పళ్ల మధ్య సందులు! నాలికతో తోసి చూస్తే ఇంకా వదులైనట్టే ఉంది.

"ఏంది డాక్టరమ్మా ఇట్ట జేసినావు! పళ్లను పట్టుకోనుండే గార గీకేస్తే ఇంక నిలుస్తాయా?"

"అది పట్టుకోవడం కాదమ్మా, చిగుళ్లను తినేస్తోంది. జారిన చిగురు మళ్లీ పైకి రాదు, అబద్ధం చెప్పను. ఇంకా జారకుండా ఆపుదాం. పొగాకు పొడితో తోమడం మానేయ్. దారం కొరకడం ఈ పూటతో బందు."

"మరి యాడ పట్టుకోని కోసేది? దేవుడు చేతులు రెండే గదా ఇచ్చినాడు!"

దానికి ఉపాయం పిచ్చమ్మే వెతుక్కుంది. దారం కొసను కాలి బొటనవేలికి చుట్టి లాగడం, మెడలో తాడుకు కట్టుకున్న గోళ్ల కత్తెరతో తుంచడం అలవాటు చేసుకుంది. పని నత్తనడక నడిచింది. పడవలవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకుంది. చెప్పినప్పుడల్లా ఆసుపత్రికి వెళ్లొచ్చింది. రక్తం కారడం ఆగింది. సందులు అలాగే ఉన్నాయి గానీ పళ్లు కుదురుకున్నాయి.

ఒకనాడు మునెయ్య చెంప పట్టుకుని ఆమె వాకిట్లోకొచ్చాడు. పీకిన పళ్ల పక్కవీ కదులుతున్నాయి. ఎండుచేప నమలలేక గంజి జుర్రుతున్నాడు.

"ఆ డాక్టరమ్మకాడికి ఏ బస్సుకు పోవాలే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం మామా, ఊరి మర్యాద నోట్లోనించి రాలిపోతుండాదా?"

"ఎగతాళి చాల్లే. మళ్లీ క్యాంపు పెడతామని కంపెనీవోళ్లు కబురుచేసినారు. దురాయి ఎయ్యాలంట."

"ఎయ్యి మామా, ఎయ్యి. ఈ తూరి మాత్రం నేను చెప్పినట్టు ఎయ్యి."

శిబిరం రోజున కుర్చీలన్నీ నిండాయి. కంపెనీవాళ్ల ముఖాలు వెలిగాయి. డాక్టరు టార్చి వెలిగించి మొదటి ముసలమ్మతో "తెరవమ్మా" అన్నాడు. తెరవలేదు. రెండో ఆయనా తెరవలేదు. వరస చివరిదాకా పెదవులన్నీ బిగుసుకునే ఉన్నాయి.

"ఏమైంది వీళ్లకి?" అన్నాడు కంపెనీ ఆఫీసరు.

మునెయ్య లేచాడు. "దురాయి పడింది సార్. పీకే పట్టకారుతో పాటు గార గీకే మిషను గూడా వచ్చేదాకా మా ఊళ్లో ఎవురూ నోరు తెరవగూడదు."

"మరి నువ్వు తెరిచావుగా?"

"తప్పు కడతా సార్," అని మునెయ్య కూర్చుని నోరు మూసుకున్నాడు.

వెనక వరసలో పిచ్చమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. అయినా పెదవి విప్పలేదు.