రంగూన్ వెళ్లివచ్చిన ముఖం

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా ఉద్దానంలో అందరికీ అలవాటే. ఇందులో తీసేయవలసిన సగం నేనే ఉత్తరంలో రాసి రంగూన్ పంపేశాను కనుక, మిగిలింది నమ్మవచ్చు.

నాకు వరసకు బావ అయ్యే స్నేహితుడొకడు టెక్కలిలో నాటకాల తెరలకు బొమ్మలు వేసేవాడు. అతని మేనమామ కుటుంబంతో రంగూన్‌లో ఉండేవాడు. చిన్నప్పుడే బావకు ఇస్తామన్న మామ కూతురు పెద్దదైంది. ‘అల్లుడు ఇప్పుడెలా ఉన్నాడో బొమ్మ పంపితే ముహూర్తం పెడతాం’ అని కబురు చేశారు. బావ అద్దం ముందు కూర్చుని తన ముఖం తానే వేసుకున్నాడు. ఆ అద్దానికి వెనక పూత అక్కడక్కడ ఊడిపోయింది. ఊడినచోటల్లా బొమ్మలో చెంప మీద తెల్లమచ్చ పడింది.

“మచ్చలేటి బావా? తుడిసీ.”

“అద్దంలో అగుపడినాయి. ఏసీసినాను. అగుపడినదాన్ని ఎలా తుడిసీమంతావు?”

బొమ్మ బారువ రేవులో ఓడెక్కింది. కొన్ని నెలలకు జవాబు: ‘పిల్లడికి బొల్లి వొచ్చిందా?’

బావ ఉన్నమాట రాశాడు. అద్దం కథ ఎవడు నమ్ముతాడని, నేను రహస్యంగా ఇంకో ఉత్తరం రాశాను: ఎలుగుబంటి తరిమితే జీడిచెట్టెక్కాడు, జీడిసొన కారి ముఖం కాలింది, అవే ఆ మచ్చలు అని. రెండూ ఒకే ఓడలో వెళ్లాయి.

‘ఒకడు అద్దమంతాడు, ఒకడు జీడంతాడు. దాపరికమున్న ఇంటికి పిల్లనియ్యను’ అని మామ రాయించాడు. పిల్లకు అక్కడే పెళ్లి చేసేశాడు. బొమ్మ తిరిగొచ్చింది.

చెంప మీది పెద్దమచ్చను ఎవరో గోటితో గీకి చూశారు. రంగు లేచి కింద బట్ట కనిపిస్తోంది.

“మావే గీకుంటాడు,” అన్నాను.

బావ ఆ గీతలో తన గోరు పెట్టి చూశాడు. పట్టలేదు. “మావ గోరు నాకంటే మొద్దు. ఇది సన్నగోరు, ఆడపిల్లది.”

నా ఉత్తరం సంగతి చెప్పేశాను.

“తెలుసు. ఎలుగ్గొడ్డుని నువ్వు గాక ఇంకెవుడు రాత్తాడు?” అన్నాడు. తర్వాత రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

మాట్లాడిన రోజుకు కొత్త అద్దం కొన్నాడు. ఎదురుగా ఇంకో బొమ్మ, తనదే. మచ్చ ఒక్కటీ లేదు. కాని చెంప మీద సన్నటి గీత ఉంది. నేను ఊరుకోలేక అతని చెంప తడిమి చూశాను. నాలుగు రోజుల గడ్డం తప్ప ఏమీ తగల్లేదు.

“ఈ గీత ఏది బావా నీకు?”

“అద్దం మంచిది. అన్నీ అగుపడతన్నాయి. ఎలుతురుకి అడ్డం లెగు,” అని, కుంచె ముంచి ఆ గీతను ఇంకాస్త పొడుగు చేశాడు.