ఒకే పంక్తిలో ఆరు తొట్లు

పార్థసారథి స్వామి మా కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరు. సొంత ఊరు అహోబిలం. తొంభై నాలుగులో నంద్యాల వచ్చి చేరాడు. అంతకుముందు వాళ్ళ నాన్న వెంట గుడి సంతర్పణల్లో వడ్డన చేసేవాడు. ఉల్లిపాయ వాసనకు ఆమడ దూరం జరిగే మనిషి. అలాంటివాణ్ణి తీసుకొచ్చి రొయ్యల తొట్ల దగ్గర నిలబెట్టింది నేనే. నా పేరు లీలావతి, అక్కడే లెక్చరర్ని. నోరు కాస్త పెద్దదని పేరుంది, అబద్ధమేమీ కాదు.

అవి నీలకంఠ రొయ్యలు, మంచినీళ్ళలో పెరిగే రకం. "నామాలు పెట్టుకుని నీలకంఠుడి సేవేంటి స్వామీ" అని నేను వేళాకోళం చేస్తే, "ఆకలికి శైవం, వైష్ణవం యాడిది మేడమ్" అనేవాడు. రోజూ స్నానం చేసి, తడి పంచె పిండుకుని, విస్తరి ముందు వంగినట్టు ఒక్కో తొట్టి ముందూ వంగి మేత వేసేవాడు. పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, దాచుకోవడమెందుకు.

రొయ్యలిచ్చింది ఆళ్ళగడ్డ దగ్గర కాలవ కింద చెరువు తవ్వుకున్న యోహాను. అంతకుముందు ఏడు అతని చెరువులో పిల్ల రొయ్యలకు తోకలు తెల్లబడి వారంలో అన్నీ పోయాయి. అదొక వైరస్. మందు లేదు. నా పీహెచ్‌డీ ఆ మందు గురించే. వైరస్ తన సంగతంతా ఆర్‌ఎన్‌ఏ అనే సన్నటి పోగు మీద రాసుకుంటుంది. అందులో ఒక ముక్కను ల్యాబులో జంట పోగుగా తయారుచేసి మేతలో కలిపి పెడితే, రొయ్య ఒంట్లోని కణాలు దాన్ని ఆనవాలు పట్టి, ఆ రాత మళ్ళీ ఎక్కడ కనబడినా ముక్కలు చేసేస్తాయి. చెప్పడానికి ఇంతే. రుజువు చేయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. రెండువేల ఏడు జూన్ లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళూ గంగపాలు.

జనవరిలో, ఆ జంట పోగు తయారుచేసిచ్చే కోస్తా ల్యాబు నుంచి మందు వచ్చింది, ఐసు పెట్టెలో, బస్సులో. మా ల్యాబులో ఆరు తొట్లు వరసగా పెట్టించాను. మూడింటికి మందు మేత, మూడింటికి మామూలు మేత. వారం తర్వాత ఆరింటికీ రోగం అంటించాలి. మందు తిన్నవి బతికి, తిననివి చస్తేనే నా మాట నిజమైనట్టు. ఇదంతా స్వామికి విడమరిచి చెప్పి, నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళాను.

రోగం అంటించి పది రోజులైంది. ఆరు తొట్లలోనూ రొయ్యలు హాయిగా ఈదుతున్నాయి. ఒక్కటి చావలేదు. వైరస్సే చచ్చిందేమోనని సీసాలన్నీ తీసి చూశాను. అప్పుడు బల్ల కింద మామూలు మేత డబ్బా కనబడింది. సీలు కూడా తీయలేదు.

"స్వామీ, ఈ డబ్బా ఎందుకు తెరవలేదు?"

ఆయనకు అబద్ధం చేతకాదు. "ఆరింటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినారు మేడమ్. మూడింటికి నెయ్యి పోసి, మూడింటికి ఎండు మెతుకులు పెట్టమంటే నా చెయ్యి ఎట్ల లేస్తాది? పంక్తిభేదం మహాపాపం. ఉండే మందే అందరికీ సమంగా సర్దినాను."

నాకొచ్చిన కోపానికి ఆ గదిలో గాజు సామాన్లు మిగలడమే గొప్ప. అరిచాను. ఏడ్చాను కూడా. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ తప్పయిందని అనలేదు. సంగతి తెలిసి యోహాను మాత్రం పడీపడీ నవ్వాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూసున్నా భయం లేదంటారు. ఈ స్వామిని నా చెరువుకు పంపీండి మేడమ్, పంట నిలబడతాది" అన్నాడు.

కోస్తా ల్యాబును బతిమాలితే చివరిగా ఇంకొక్క పెట్టె పంపారు. ఏప్రిల్ వచ్చేసింది. యోహాను దగ్గర కొత్త రొయ్యలు తెచ్చి తొట్లు నింపాను. ఈసారి మేతను నేనే ఇంట్లో పొట్లాలు కట్టి అంకెలు వేశాను. ఏది ఏదో ఆయనకు తెలియనివ్వలేదు.

"అన్నిట్లోనూ ఒకటేనా మేడమ్?" అని అడిగాడు.

"ఒకటే" అన్నాను, కళ్ళు పేపర్ల మీద పెట్టుకుని.

ఆ మాట నమ్మి వారం రోజులు తడి పంచెతో వడ్డించాడు. రోగం అంటించిన అయిదో రోజు మూడు తొట్లలో తోకలు తెల్లబడ్డాయి. తొమ్మిదో రోజుకు ఆ మూడూ ఖాళీ. పక్క మూడింట్లో నూటికి ఎనభై బతికాయి. చచ్చినవాటిని స్వామి గరిటెతో ఒక్కొక్కటే తీసి, కాలేజీ వెనక గుంట తవ్వి పూడ్చాడు. గరిటె కడిగి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మే నెలాఖరుకు థీసిస్ ఇచ్చాను. డిసెంబర్లో పట్టా వచ్చింది. మేత వేసేవాడికి కూడా ఏది మందో తెలియకుండా చేశానని థీసిస్ పరీక్షకుడు మెచ్చుకున్నాడు. కాలేజీలో భోజనాలు పెట్టించాను. వడ్డన ఎవరికో ఇస్తే స్వామి ఊరుకోలేదు, తానే చేస్తానన్నాడు. నేలమీద అరటాకులు వేసి అందరం కూర్చున్నాం. నా పక్కన యోహాను.

స్వామి భక్ష్యాల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఒక్కో ఆకులో ఒక్కో భక్ష్యం, పైన నెయ్యి. యోహానుకు వేశాడు. నన్ను దాటి అవతలి ఆకుకు వేశాడు.

చూసుకోలేదేమో అనుకున్నాను. పంక్తి చివరిదాకా వెళ్ళాడు. అందరూ తింటున్నారు. నేను ఆకు చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పటినుంచీ వడ్డన చేసిన మనిషి ఒక ఆకు మరిచిపోడని అప్పుడు అర్థమైంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన తిరిగి వచ్చి నా ముందు వంగాడు.

"ఆ మూడు తొట్లలో ఉండేటివి ఇట్లే చూసింటాయి మేడమ్" అని మెల్లగా చెప్పి, రెండు భక్ష్యాలు వేసి, నెయ్యి ధారగా పోశాడు.

రెండూ తిన్నాను. ఆకులో వదిలితే దానికీ ఊరుకునే మనిషి కాదు.