సుద్దముక్క మాస్టారి నోటి అలవాటు

లెక్కల మాస్టారు తెల్లగా, సన్నగా, గట్టిగా పట్టుకుంటే విరిగిపోయేలా ఉండేవాడు. అందుకే పిల్లలు ఆయన్ని సుద్దముక్క అనేవారు. మంచి చెప్పమంటే చెప్పొచ్చు: ఎంత మొద్దు పిల్ల చేతనైనా భాగహారం చేయించేవాడు, తప్పు జవాబుకు ఎవర్నీ కొట్టేవాడు కాదు. సరైన జవాబు చెవినపడితే మాత్రం చేతిలో ఏ పని ఉన్నా "కరెక్ట్, కూర్చో" అనాల్సిందే. ఇంట్లో భార్య "ఉప్పు తక్కువైందండీ" అన్నా అదే మాట. ధైర్యం సంగతి మాత్రం అడక్కండి.

సోషల్ మాస్టారు ఆయనకు తోడబుట్టకపోయినా అన్నయ్యే. సుద్దముక్కకు టైఫాయిడ్ వస్తే ఆస్పత్రి మంచం పక్కన నేలమీద పడుకున్న మనిషి.

ఆ ఏడాది పైనుంచి ఉత్తర్వు దిగింది. ధాన్యం గోదాము దగ్గర సైనికులు జనాన్ని కాల్చిన పాఠం పుస్తకాల్లో ఉండకూడదట. పిల్లల చేతే బ్లేడుతో కోయించారు. సోషల్ మాస్టారు కూడా బుద్ధిగా కోయించి, ఆ కాగితాలు అప్పజెప్పి వచ్చి, తలుపు మూసి, పాఠమంతా నోటితో చెప్పాడు.

తనిఖీ అధికారి వచ్చిన రోజు ఆయన జ్వరంతో సెలవు పెట్టాడు. ఆ క్లాసుకు సుద్దముక్కని పంపారు. అధికారి నవ్వుతూ అడిగాడు.

"గోదాము దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు ముసలాళ్ళు పోయారు. అంతే కదమ్మా?"

ముందు బెంచీ పిల్ల లేచింది. తప్పు వినబడితే లేవమని నేర్పింది ఈ మాస్టార్లే మరి.

"కాదు సార్. తొక్కిసలాట కాదు, కాల్చారు."

బోర్డు తుడుస్తున్న సుద్దముక్క వెనక్కి తిరక్కుండానే "కరెక్ట్, కూర్చో" అన్నాడు.

హెడ్మాస్టరు గదిలో అధికారి ఆయనకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. "పాఠం చెప్పింది మీరా, ఇంకెవరైనా చెప్పారా?"

"అన్నయ్య," అన్నాడు సుద్దముక్క. ఏ అన్నయ్య అంటే ఇంటి గుర్తులు కూడా చెప్పాడు, పిరికి సన్నాసి.

జ్వరంతో పడుకున్న మనిషిని చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా తీసుకుపోయారు. హెడ్మాస్టరు గదిలో మాట ఆ గది దాటలేదు. క్లాసులో పిల్ల అన్న మాట మాత్రం ఊరంతా తిరిగింది. అందరూ ఆ పిల్లనే ఆడిపోసుకున్నారు. దాని బెంచీ మీద అందరూ కూర్చోవడం మానేశారు.

ఒకరోజు లెక్కల క్లాసు జరుగుతుండగా సోషల్ మాస్టారి భార్య తోసుకొచ్చింది. "నీ నోరు పడిపోను! నిన్నెవరే లేవమన్నారు?" పిల్ల చెంప ఛెళ్ళుమంది. "తమ్ముడూ, నువ్వుండి కూడా దీని నోరు మూయించలేకపోయావా?"

పిల్ల మాస్టారి వైపు తిరిగింది. "సార్, మీరు కరెక్టన్నారు కదా సార్."

వదిన ఆయన మొహంలోకి చూసింది. అవునంటే, మరి మా ఇల్లు చూపించిందెవరని ఆమె తర్వాతి ప్రశ్న అడుగుతుంది. దానికి జవాబు ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

"నేనెప్పుడన్నానే? అబద్ధాలు కూడా నేర్చావా?" అని అరిచాడు. క్లాసు వైపు తిరిగి, "ఏరా, నేనన్నానా?"

అందరూ విన్నవాళ్ళే. ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క గొంతుతో "లేదు సార్" అన్నారు.

"నువ్వు చెప్పు," అన్నాడు పిల్లతో.

పిల్ల చెంప మీంచి చెయ్యి తీసి, చేతులు కట్టుకుని, "లేదు సార్" అంది.